మోటారు సైకిల్‌లో విద్యుత్ లోపాలను వెతకడం: వోల్టేజి తగ్గుదల పద్ధతి

7.1 పరిచయం

ఆదివారం ఉదయం. అధ్యయన కేంద్రంలో తరగతికి బయలుదేరాలి. తాళం తిప్పారు, న్యూట్రల్ దీపం వెలిగింది, సెల్ఫ్ బటన్ నొక్కారు. 'టిక్' మని ఇంజన్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. పక్కవీధి మెకానిక్ వచ్చి చూసి "బ్యాటరీ పోయిందండీ" అన్నాడు. కొత్తది వేయించారు. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు మళ్లీ అదే 'టిక్'. ఇలాంటి అనుభవం మీకో, మీ ఇంట్లో ఇంకొకరికో ఎదురయ్యే ఉంటుంది.

ఇందులో మెకానిక్ మోసమేమీ ఉండనక్కరలేదు. కొత్త బ్యాటరీ వేయగానే బండి నిజంగానే స్టార్టయింది కాబట్టి అతని నిర్ణయం సరైనదే అని అందరికీ అనిపిస్తుంది. కాని బ్యాటరీ మార్చేటప్పుడు ఇంకో పని కూడా జరిగింది. టెర్మినల్ బోల్టులు విప్పి మళ్లీ బిగించారు, తీగలు అటూ ఇటూ కదిలాయి. లోపం ఒక వదులు అతుకులోనో, తుప్పు పట్టిన బోల్టులోనో ఉంటే ఆ కదలికకే అది కొన్నాళ్లు సర్దుకుంటుంది. డబ్బు ఖర్చయింది, అసలు లోపం అలాగే ఉంది.

మీరు ఓమ్ నియమాన్ని పాఠశాలలోనే చదువుకున్నారు. దాన్నీ, ఎలక్ట్రికల్ దుకాణంలో తక్కువ ధరకు దొరికే ఒక డిజిటల్ మల్టీమీటర్‌నూ ఉపయోగించి, ఏ భాగాన్నీ మార్చకుండానే లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

7.2 బండిలోని విద్యుత్ వలయం

ఇంట్లో ఒక బల్బుకు రెండు తీగలు వెళ్తాయి. మోటారు సైకిల్‌లో మాత్రం తిరుగు దారిగా చాలావరకు బండి ఇనుప చట్రాన్నీ, ఇంజన్ దిమ్మెనూ వాడుకుంటారు. బ్యాటరీ ధన టెర్మినల్ నుంచి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజు, తాళం స్విచ్, బటన్ల గుండా హారన్‌కో, దీపానికో చేరుతుంది. అక్కడి నుంచి చట్రం ద్వారా బ్యాటరీ రుణ టెర్మినల్‌కు తిరిగి వస్తుంది. మెకానిక్‌లు 'బాడీ ఎర్త్' అనేది ఈ తిరుగు దారినే. దీనికి భూమితో సంబంధం లేదు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉన్నా ఎర్త్ పనిచేస్తుంది.

బ్యాటరీని నింపే ఏర్పాటు వేరే ఉంది. ఇంజన్ పక్క కవరు లోపల తిరిగే అయస్కాంతం, దాని మధ్య కదలకుండా ఉండే స్టేటర్ కాయిల్ కలిసి ఏకాంతర విద్యుత్తును తయారుచేస్తాయి. రెగ్యులేటర్-రెక్టిఫైయర్ దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మార్చి, వోల్టేజి హద్దు దాటకుండా కాపాడుతూ బ్యాటరీకి పంపుతుంది.

పాత బండ్లలో బ్యాటరీకి ఇంత ప్రాముఖ్యం ఉండేది కాదు. హెడ్‌లైటు నేరుగా స్టేటర్ నుంచే వెలిగే మోడళ్లు ఉండేవి. కొన్నిటిలో స్పార్క్‌కు కూడా బ్యాటరీ అవసరం లేదు, కిక్ కొడితే బ్యాటరీ లేకుండానే బండి నడిచేది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే ద్విచక్ర వాహనాలకు ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో దాదాపు అన్ని కంపెనీలూ కార్బురేటర్‌ను వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పుడు పెట్రోలు పంపు కూడా విద్యుత్తుతోనే నడవాలి. అందుచేత ఒకప్పుడు దీపం మసకబారడంతో సరిపోయిన చిన్న లోపం ఇప్పుడు బండిని నడిరోడ్డు మీద ఆపేయగలదు.

7.3 మూడు రకాల లోపాలు

వలయం ఎక్కడో తెగిపోవడం మొదటి రకం. తీగ తెగినా, ఫ్యూజు పోయినా, బల్బు ఫిలమెంటు విరిగినా ఇదే. రెండోది షార్ట్ సర్క్యూట్. తీగ పైపొర అరిగి లోపలి రాగి చట్రానికి తగిలితే విద్యుత్తు అడ్డదారిన వెళ్లిపోతుంది, ఫ్యూజు కాలిపోతుంది. ఈ రెండూ తమ ఉనికిని తామే చాటుకుంటాయి.

మూడోది అధిక నిరోధం. వలయం తెగలేదు, షార్టూ కాలేదు. దారి మధ్యలో ఒకచోట ఉండకూడని నిరోధం చేరింది. బోల్టు కింద తుప్పు, కప్లర్ పిన్ను మీద పచ్చటి చిలుము, టేపు చుట్టిన మెలిక అతుకు, పది పోగుల్లో ఎనిమిది తెగిన తీగ — ఇలా దాని రూపాలు ఎన్నో. లక్షణాలు కూడా నిలకడగా ఉండవు. ఎండలో బాగుంటుంది, వానలో మొరాయిస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లేసరికి మామూలుగా ఉంటుంది. మంచి బ్యాటరీలను, మంచి స్టార్టర్ మోటార్లను అనవసరంగా మార్పించేది ఎక్కువగా ఈ మూడో రకమే. కాబట్టి ఈ పాఠంలో దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

మీటరు తీసే ముందు ఒక్క నిమిషం చేతితో పరీక్షించండి. హ్యాండిల్ మీది ఎర్ర కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందా? సైడ్ స్టాండు పూర్తిగా పైకి లేచిందా? క్లచ్ పట్టుకుంటేనే స్టార్టయ్యే మోడలా? అనుభవజ్ఞులు కూడా కిల్ స్విచ్ చూడకుండా సీటు విప్పేసిన సందర్భాలు లేకపోలేదు.

7.4 బ్యాటరీకి పరీక్ష

మల్టీమీటర్‌ను ఏకముఖ వోల్టేజి 20 పరిధిలో ఉంచండి. నల్ల ముల్లును రుణ టెర్మినల్‌కు, ఎర్ర ముల్లును ధన టెర్మినల్‌కు ఆనించండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక చూస్తే, పూర్తిగా నిండిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వరకు చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే బాగా ఖాళీ అయినట్టే, ముందు ఛార్జి చేయించి ఆ తరవాతే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. ఖాళీ బ్యాటరీ వేరు, చెడిపోయిన బ్యాటరీ వేరు.

ఇక్కడితో ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు. బరువు ఎత్తకముందు మనిషి బలం ఎంతో తెలియనట్టే, లోడు పడకముందు బ్యాటరీ సంగతి తెలియదు. ముళ్లను టెర్మినళ్ల మీద అలాగే ఉంచి, బండి న్యూట్రల్‌లో ఉండగా ఇంకొకరిని సెల్ఫ్ బటన్ నొక్కమనండి. మూడు నాలుగు సెకన్లకు మించి నొక్కవద్దు. రీడింగు 10 వోల్టుల కంటే బాగా కిందికి జారిపోతే, ఛార్జి నిండుగా ఉండి కూడా అలా జరిగితే, బ్యాటరీనే అనుమానించాలి. రీడింగు 11 దాటి నిలబడే ఉండి స్టార్టర్ మాత్రం తిరగకపోతే బ్యాటరీ నిర్దోషి. దాని శక్తి మోటారుకు చేరకుండా దారిలో ఏదో అడ్డుపడుతోంది. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే పరిచయంలో చెప్పిన కొత్త బ్యాటరీ ఖర్చు తప్పేది.

7.5 వోల్టేజి తగ్గుదల

మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే పైపు లోపల సగానికి పైగా పూడుకుపోయిందనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు కుళాయి దగ్గర నీటి ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పగానే సన్నటి ధార వస్తుంది. చెడిన విద్యుత్ అతుకు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. డిజిటల్ మీటరు తీసుకునే విద్యుత్ ప్రవాహం చాలా స్వల్పం, కాబట్టి చెడ్డ అతుకు దాటాక కూడా అది నిండు 12 వోల్టులే చూపిస్తుంది. "కరెంటు వస్తోంది, కాని పనిచేయడం లేదు" అనే మాటకు అర్థం ఇదే. నిరోధం ప్రవాహం ఉన్నప్పుడే వోల్టేజిని మింగుతుంది. అందుకే కొలత ఎప్పుడూ లోడు పనిచేస్తుండగానే, లేదా పనిచేయడానికి ప్రయత్నిస్తుండగానే తీయాలి.

మరి మీటరులోని ఓమ్ పరిధితో నిరోధాన్ని నేరుగా కొలవవచ్చు గదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. స్టార్టర్ మోటారు పదుల ఆంపియర్లు తీసుకుంటుంది. 60 ఆంపియర్ల దగ్గర 0.06 ఓమ్ నిరోధం 3.6 వోల్టులను మింగేస్తుంది. మామూలు మీటరు తీగలకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది. అంత చిన్న విలువను అది నమ్మకంగా చూపలేదు. కాని ఆ నిరోధం కలిగించే 3.6 వోల్టుల తగ్గుదలను అదే మీటరు సునాయాసంగా చూపిస్తుంది.

పరిచయంలోని బండినే తీసుకుని పరీక్షిద్దాం. సెల్ఫ్ బటన్ నొక్కి ఉంచగా బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 11.6 వోల్టులు ఉన్నాయి. బ్యాటరీ బాగుంది.

రెండో కొలత ధన వైపు. ఎర్ర ముల్లు బ్యాటరీ ధన టెర్మినల్ మీద, నల్ల ముల్లు స్టార్టర్ మోటారుకు లావు తీగ బిగించిన బోల్టు మీద ఉంచండి. బటన్ నొక్కకముందు మీటరు దాదాపు 12 వోల్టులు చూపిస్తుంది. కంగారు పడకండి, స్టార్టర్ రిలే ఇంకా మూసుకోలేదు కాబట్టి అలా వస్తుంది. బటన్ నొక్కాక వచ్చే అంకె మనకు కావాలి. 0.4 వచ్చింది. రెండు తీగలు, మధ్యలో ఒక రిలే ఉన్న దారికి సుమారు అర వోల్టు వరకు పరవాలేదు.

మూడోది రుణ వైపు. నల్ల ముల్లు బ్యాటరీ రుణ టెర్మినల్ మీద, ఎర్ర ముల్లు స్టార్టర్ మోటారు ఒంటి మీద రంగు లేని లోహం చూసి ఆనించండి. బటన్ నొక్కినప్పుడు 0.2 లేదా 0.3 కంటే ఎక్కువ రాకూడదు. ఇక్కడ 3.6 వచ్చింది. దొంగ దొరికాడు.

చివరగా మోటారు బోల్టుకూ దాని ఒంటికీ మధ్య కొలిస్తే 7.6 వస్తుంది. 0.4, 7.6, 3.6 కలిపితే 11.6. మూసిన వలయంలో దారి పొడవునా జరిగిన తగ్గుదలల మొత్తం సరఫరా వోల్టేజికి సమానమని 1845లో గుస్తావ్ కిర్చాఫ్ చెప్పిన నియమం ఇదే. అప్పటికి ఆయన ఇంకా విశ్వవిద్యాలయంలో విద్యార్థే. మీ కొలతల మొత్తం సరిపోలకపోతే ఏదో ఒక ముల్లు రంగు మీదనో, తుప్పు మీదనో ఆనిందని గుర్తించి మళ్లీ కొలవండి.

ఇక రుణ తీగ వెంట ఒక్కొక్క అడుగు వేయడమే మిగిలింది. నల్ల ముల్లు టెర్మినల్ మీదనే ఉంచి, ఎర్ర ముల్లును మొదట తీగ చివరి లగ్గు మీదకు, తరవాత దాన్ని బిగించిన బోల్టు మీదకు, ఆ తరవాత ఇంజన్ లోహం మీదకు జరపండి. లగ్గు దగ్గర 0.1, ఇంజన్ లోహం దగ్గర 3.6 వస్తే లోపం ఆ రెంటి మధ్య, అంటే లగ్గు ఇంజన్‌కు ఆనే చోట ఉంది. అక్కడ 3.6 వోల్టులు, 60 ఆంపియర్లు అంటే 216 వాట్లు వేడిగా మారుతున్నాయి. రెండు మూడుసార్లు సెల్ఫ్ ప్రయత్నించాక ఆ బోల్టును వేలితో తాకితే వెచ్చగా తగులుతుంది. మీటరు లేని వేళ ఇది కూడా ఒక పరీక్షే.

7.6 అతుకును బాగుచేయడం

పని మొదలుపెట్టే ముందు తాళం తీసేయండి. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు మొదట రుణ తీగ, బిగించేటప్పుడు చివర రుణ తీగ. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. రుణ తీగ ఉండగా ధన బోల్టు విప్పుతుంటే స్పానర్ చట్రానికి తగిలిన క్షణంలో బ్యాటరీ మొత్తం దాని గుండా షార్టవుతుంది.

బోల్టు విప్పి, లగ్గు అడుగునూ, అది ఆనే లోహాన్నీ సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. బండికి కొత్తగా రంగు వేయించినప్పుడు ఎర్త్ బోల్టు కింద కూడా రంగు పడి ఈ లోపం మొదలవడం తరచు జరుగుతుంది. గట్టిగా బిగించాక, పైన కొద్దిగా వాజలిన్ పూయండి. బిగించకముందు పూయడం కంటే తరవాత పూయడమే మేలు. అది తేమను అడ్డుకోవడానికి మాత్రమే. తరవాత మూడో కొలత మళ్లీ తీయండి. 0.2కు దిగితేనే పని పూర్తయినట్టు.

అధిక నిరోధం ఎక్కువగా కనిపించే చోట్లు మరికొన్ని ఉన్నాయి. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వంగే మెడ దగ్గరి తీగలు లోపల ఒక్కొక్క పోగూ తెగుతాయి. హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఆగి, కుడికి తిప్పితే నడిచే బండిలో మొదట చూడవలసింది అక్కడే. సముద్ర తీర గ్రామాల్లో ఉప్పుగాలికి కప్లర్లు త్వరగా చిలుము పడతాయి. ధాన్యం నిల్వ ఉన్న ఇళ్లలో, కొట్టాల్లో నిలిపిన బండ్లకు ఎలుకల బెడద ఉంది, సీటు కింద తీగల పైపొర కొరికి ఉందేమో చూడాలి. అన్నిటికంటే ఎక్కువగా అనుమానించవలసినది మాత్రం బయట వేయించిన అదనపు హారన్లు, రంగు దీపాలు. వాటికోసం వైరింగ్ కిట్‌లోని తీగను మధ్యలో గీకి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. ఒక వానాకాలం గడిచాక ఆ టేపు విప్పి చూడండి, మిగతాది మేం చెప్పనక్కరలేదు.

7.7 ఛార్జింగ్ వైపు లోపం

బ్యాటరీ మంచిదే, అతుకులూ మంచివే, అయినా రోజురోజుకూ ఖాళీ అవుతోంది. అప్పుడు ఇంజన్ నడుపుతూ బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. కాస్త ఏక్సిలరేటర్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటి పోతుంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది. బల్బులు తరచు కాలిపోవడం, బ్యాటరీ ఉబ్బడం దీని లక్షణాలు.

ఛార్జింగ్ అందకపోతే స్టేటర్ నుంచి వచ్చే కప్లర్‌ను ముందు కళ్లతో చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంటే కారణం దొరికినట్టే. బాగుంటే ఇంజన్ ఆపి దాన్ని విడదీయండి. మూడు ఫేజుల స్టేటర్ అయితే సాధారణంగా ఒకే రంగు తీగలు మూడు ఉంటాయి. వీటిలో దేనికీ ఇంజన్ లోహంతో సంబంధం ఉండకూడదు, ఓమ్ పరిధిలో ఇది తెలుస్తుంది. ఇంజన్ నడుపుతూ మీటరును ఏకాంతర వోల్టేజి 200 పరిధిలో ఉంచి జంటజంటగా కొలిస్తే మూడు రీడింగులూ దాదాపు ఒకేలా రావాలి. ఎంత రావాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. మీటరు ముళ్ల లోహాన్ని వేళ్లతో తాకవద్దు. ఇంజన్ వేగం పెరిగితే ఇక్కడ వోల్టేజి 12 కాదు, అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

కొందరు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, బండి ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టు తేలుస్తారు. ఆ పని చేయకండి. బ్యాటరీ లేనప్పుడు ఒక్కసారిగా ఎగసే వోల్టేజి ఇంజెక్షన్ బండి కంట్రోల్ యూనిట్‌ను కాల్చేయగలదు.

7.8 ఫ్యూజు పదేపదే పోతుంటే

ఫ్యూజు స్థానంలో రాగి పోగు, సిగరెట్ డబ్బాలోని వెండిరేకు పెట్టి నడిపేవారు మనకు కొత్త కాదు. వైరింగ్ పెట్రోలు ట్యాంకు కిందుగా వెళ్తుందన్న సంగతి గుర్తుంటే ఎవరూ ఆ పని చేయరు. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతోందని 20 ఆంపియర్లది వేయడం కూడా అలాంటిదే.

దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది. పోయిన ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల 10 వాట్ల ఇండికేటర్ బల్బును రెండు తీగలతో కలపండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అయినా దాని గుండా ప్రవహించేది ఒక ఆంపియర్ లోపే కాబట్టి తీగ మాడదు. ఇప్పుడు ఆ ఫ్యూజు కింద ఉన్న దీపం, హారన్, బ్రేక్ స్విచ్ కప్లర్లను ఒక్కొక్కటే విడదీయండి. దేన్ని తీసినప్పుడు బల్బు ఆరిపోతుందో షార్ట్ ఆ కొమ్మలో ఉంది. దీపాలు, హారన్ వంటి వాటి ఫ్యూజులకే ఈ పద్ధతి వాడండి. ఇంజెక్షన్, ఎ.బి.ఎస్. ఫ్యూజుల జోలికి పోవద్దు. ఆ వ్యవస్థల హెచ్చరిక దీపం వెలిగితే కంపెనీ స్కానర్ ఉన్న సర్వీసు కేంద్రానికి వెళ్లడమే సరైన పని.

7.9 అభ్యాసం

ఒక బండికి 35 వాట్ల హెడ్‌లైటు బల్బు ఉంది. దీపం బాగా మసకగా వెలుగుతోంది. ఇంజన్ ఆపి, దీపం వెలుగుతుండగా తీసిన కొలతలు ఇవి: బ్యాటరీ వద్ద 12.4, ధన టెర్మినల్ నుంచి ఫ్యూజు దాటేవరకు 0.1, ఫ్యూజు నుంచి తాళం స్విచ్ దాటేవరకు 1.8, అక్కడి నుంచి బల్బువరకు 0.2, బల్బు రెండు కొనల మధ్య 10.1, బల్బు నుంచి రుణ టెర్మినల్ వరకు 0.2 వోల్టులు. ప్రవాహం 2.6 ఆంపియర్లు.

ముందుగా కొలతల మొత్తం సరిపోయిందో లేదో చూడండి. బండి యజమాని కొత్త బల్బు కొన్నాడు, ఫలితం ఉంటుందా? మీరైతే మొదట ఏ కప్లర్ విప్పుతారు? అక్కడి నిరోధం ఎంత, ఎన్ని వాట్లు వేడిగా పోతున్నాయి? ఇంత లోపం ఉన్నా ఫ్యూజు ఎందుకు పోలేదో నాలుగు వాక్యాల్లో రాయండి.